లాండ్రీ గదిలో నవ్విన మనిషి

ఉత్తరం బుధవారం వచ్చింది. శుక్రవారం పొద్దున పది గంటలకు ఇళ్ళ ఆఫీసు నుంచి మనిషి వస్తాడని అందులో ఉంది. ఇప్పుడు శుక్రవారం, టైము తొమ్మిదీ నలభై.

హెర్మీనె నవ్రాతిల్ హాల్లో కిటికీ దగ్గర నిలబడి కింద ప్రాంగణంలోకి చూస్తోంది. డెబ్భై రెండేళ్ళ మనిషి. ఇంటిపేరులో నవ్వు ఉంది గాని ముఖంలో లేదు. వియన్నాలో ఇరవై ఆరేళ్ళు ట్రాము నడిపిన ముఖం అది. పట్టాల మీదికి సైకిలువాడు అడ్డొచ్చినా, మంత్రిగారి కారు అడ్డొచ్చినా ఒకేలా గంట కొట్టిన ముఖం. ఇవాళ ఆ ముఖానికి చెమట పట్టింది.

ఉత్తరంలో ఉన్నవి మూడే వాక్యాలు. తొమ్మిదో మెట్లదారి, పన్నెండో నంబరు ఇంట్లో డబ్బు తీసుకుని పర్యాటకులను ఉంచుకుంటున్నట్లు ఫిర్యాదు అందినది. లాండ్రీ గదిలో కనిపించిన స్త్రీ తనిఖీ సమయమునకు ఇంట ఉండవలెను. ఆరోపణ నిజమని తేలినచో ఇంటి ఒప్పందము రద్దగును.

రద్దగును అన్న ఆ ఒక్క ముక్కనే ఆమె రెండు రోజులుగా నమిలి మింగలేక, ఉమ్మలేక ఉంది. అది ఊరు తన జనం కోసం కట్టించి, తక్కువ అద్దెకిచ్చిన ఇల్లు, ఒక్కో మెట్లదారికి కొన్ని వాటాలు. చుట్టాలు వచ్చి నెల్లాళ్ళున్నా ఎవరూ అడగరు. డబ్బిచ్చిన టూరిస్టు ఒక్క రాత్రి పడుకున్నా ఊరుకోరు. ఆమె ఎర్న్‌స్ట్‌ని పెళ్ళాడి వచ్చింది ఈ ఇంటికే. నలభై ఒక్క ఏళ్ళయింది. బయటి అద్దెల ముందు ఆమె పింఛను గుమ్మం దగ్గరే ఆగిపోతుంది, లోపలికి కూడా రాదు.

మరి ఇంత తెలిసినావిడ ఈ పని ఎందుకు చేసిందంటే, చావు కోసం. ఎర్న్‌స్ట్‌ని పూడ్చిన రోజున వాన. వచ్చినవాళ్ళు నలుగురు. వాళ్ళలో ఒకాయన పక్క సమాధికి రాబోయి పొరపాటున ఇటు వచ్చినాయన. బాజా లేదు, బండి లేదు. ఆ తడిసిన గొడుగు కిందే ఆమె ఒట్టు పెట్టుకుంది. తనకి మాత్రం నల్ల గుర్రాల బండి ఉండాలి, ఆరుగురు వాయిద్యగాళ్ళు ఉండాలి, రోడ్డు మీద ట్రాము ఆగి దారి ఇవ్వాలి. ఘనమైన అంతిమయాత్రకు పడి చచ్చే ఊరు అది. ఆమె కూడా ఆ ఊరి మనిషే. చావు దర్జాగా ఉండాలంటే బతుకు కాస్త దొంగగా ఉండక తప్పదని తేల్చుకుంది. వెనక గది ఖాళీగానే ఉంది. 'వియన్నాలో వియన్నా మనిషిలా' అని ఇంటర్నెట్లో ప్రకటన పెట్టింది.

రెండేళ్ళలో ముప్ఫై ఒక్క మంది వచ్చారు. వచ్చినవాళ్ళకి మొదటి రోజే ఒక కాగితం చేతిలో పెట్టేది. గుమ్మంలో బూట్లు విప్పి ఇంటి చెప్పులు వేసుకోవాలి. మెట్ల మీద ఎవరు ఎదురైనా పలకరించాలి, ఆగకూడదు. రోడ్డు ఖాళీగా ఉన్నా ఎర్ర దీపం దగ్గర నిలబడాలి. కాఫీ హోటల్లో ఒక్క కాఫీ మీద మూడు గంటలు కూర్చోవాలి, పేపరు తిరగేయాలి, వెయిటరు వైపు చూడకూడదు. తెల్లసీసాలు ఒక డబ్బాలో, రంగుసీసాలు ఇంకో డబ్బాలో, ఆదివారం మాత్రం ఎందులోనూ వేయకూడదు. ముప్ఫై మంది ఈ కాగితం చదివి, ముచ్చటపడి, మడిచి పెట్టెలో పెట్టుకుని రాజభవనం చూడ్డానికి వెళ్ళిపోయారు.

ముప్ఫై ఒకటో మనిషి నివెస్ కోబల్ మాత్రం వెళ్ళలేదు. పక్కదేశంలో, ల్యుబ్లియానాలో మందుల షాపు నడుపుతుంది. యాభై ఏళ్ళు ఉంటాయి. ఈ దేశంలోనే గ్రాట్స్‌లో పదకొండేళ్ళు పనిచేసి ఉండడంతో ఇక్కడి మాట ధారాళం, యాస మాత్రం సొంతం. ఆ యాస వియన్నాలో ప్రతి రెండో మెట్లదారిలోనూ వినిపిస్తుంది కాబట్టి దానివల్ల ప్రమాదం లేదు. తొమ్మిది రాత్రులకి గది తీసుకుంది. అంటే నవ్రాతిల్ గారింట్లో నవరాత్రులన్న మాట. రాజభవనం వద్దంది, సంగీతం వద్దంది. ఇక్కడివాళ్ళు పొద్దున లేచింది మొదలు ఏం చేస్తారో అదే చేస్తానంది. అతిథి అన్న మాటలోనే 'అతి' ఉందని హెర్మీనెకి ఆ రోజు తోచలేదు.

మంగళవారం హెర్మీనెకి లాండ్రీ వంతు. నేలమాళిగలో గది, రెండు మెషిన్లు, గోడకి వంతుల పట్టిక, మేకుకి తాళంచెవి. ఆ పట్టిక జోలికి ఎవరూ పోరు. ఆ మెట్లదారిలో మొగుడూ పెళ్ళాలు మారారు, పార్టీలు మారాయి, వంతులు మారలేదు. "నేను ఉతుక్కొస్తాను" అని నివెస్ బతిమాలితే హెర్మీనె తాళంచెవి ఇచ్చింది. నివెస్ ఉతికింది. మెషిన్ తుడిచింది. జల్లెడలో నూగు తీసేసింది. ఎదురైన ముగ్గురిని చూసి నవ్వింది. అక్కడితో ఆగినా సరిపోయేది. వచ్చే ముందు గోడ మీది బోర్డుకి ఒక చీటీ గుచ్చింది.

"గదిని ఇంత శుభ్రంగా ఉంచుతున్న మీ అందరికీ ధన్యవాదాలు." కింద ఒక చిన్న పువ్వు బొమ్మ.

ఆ బోర్డు మీద నలభై ఏళ్ళుగా చీటీలున్నాయి. 'పదిన్నర అంటే పదిన్నరే, పదీ ముప్ఫై ఒకటి కాదు.' 'నీలం సాక్సు పోయింది, తీసినవాళ్ళకి తెలుసు, నాకూ తెలుసు.' 'ఇది లాండ్రీ, పశువుల కొట్టం కాదు.' వాటి మధ్య ఆ పువ్వు చీటీ శ్మశానంలో పెళ్ళిపందిరిలా నిలబడింది. ఎదురింటి లియోపోల్డ్ స్కోదిక్ గారు దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివి, మెట్లెక్కి ఇంటికి వెళ్ళి నేరుగా ఇళ్ళ ఆఫీసుకి ఫోన్ చేశారు. తొమ్మిదో మెట్లదారిలో పరాయి మనిషి తిరుగుతోంది. ఎలా తెలుసు అని అడిగారట అవతలివాళ్ళు. "మెచ్చుకుంది" అన్నారట ఈయన.

ఆఫీసువాళ్ళు ఆ సాయంత్రమే హెర్మీనెకి ఫోన్ చేశారు. ఆమె నోట్లోంచి ఆలోచన కంటే ముందు మాట దూకింది. "మా అక్క కూతురండీ. ఆదివారం దాకా ఉంటుంది." ఉతుకు కోసం ఇచ్చిన తాళంచెవి బతుకుకే తాళం వేసేటట్టుంది. ఇప్పుడు నివెస్‌ని ముందుగా పంపేస్తే అదే ఒప్పుకోలు. ఉంచితే ఆ నోరు ఉంది.

"వచ్చేశాడా?" అంది వెనక నుంచి నివెస్. సూట్‌కేసు మంచం కిందికి తోసి, దాని చక్రాలకి పాత దుప్పటి కప్పి వచ్చింది.

"ఇంకా లేదు. మళ్ళీ చెప్పండి. మీ అమ్మ పేరు?"

"రోజల్."

"ఎక్కడ పోయింది?"

"గ్రాట్స్‌లో. ఆరేళ్ళ కిందట. గుండె."

"నన్నేమని పిలుస్తారు?"

"పిన్నీ అని. మరి మీరు నన్ను 'మీరు' అంటే ఎలా, పిన్నీ?"

"సరే. నువ్వు. ఇంకొకటి విను. నువ్వు నోరు విప్పద్దు. అవును, కాదు, గ్రాట్స్. ఈ మూడే. నోరు విప్పావంటే ఏదో ఒకటి మెచ్చుకుంటావు. నీకు అది జబ్బు."

"నా వల్లే కదా ఇదంతా వచ్చింది. చెప్పినట్టే చేస్తాను."

"ఆ బల్ల మీద సబ్బు బిళ్ళలు తీసేశావా?"

"తీసేశాను. హంసలా మడిచిన తువ్వాలు కూడా విప్పేశాను."

"గోడ మీద అతిథుల నియమాల కాగితం?"

"చింపేశాను. అతిథుల పుస్తకం ఏదీ?"

ఇద్దరూ ఒకేసారి టీవీ బల్ల వైపు చూశారు. నీలం అట్ట పుస్తకం అక్కడే ఉంది. ముప్ఫై మంది రాసిన మెచ్చుకోళ్ళు, తారీఖులతో, ఊళ్ళ పేర్లతో, కొన్నిచోట్ల ఫొటోలతో. అంతకంటే మంచి సాక్ష్యం ఏ కోర్టుకీ దొరకదు. మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. లిఫ్టు పాడై మూడు రోజులైంది. వస్తున్న మనిషి ప్రతి అంతస్తులో ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు.

ఆ ఇళ్ళ కిటికీలకి రెండు వరసల రెక్కలు ఉంటాయి, లోపల ఒకటి, బయట ఒకటి. మధ్య జానెడు ఖాళీ. చలిగాలి రాకుండా అందులో పొడుగాటి దిండు పెడతారు. హెర్మీనె లోపలి రెక్క తెరిచి, దిండు ఎత్తి, పుస్తకం దాని కింద తోసి, రెక్క మూసి గొళ్ళెం వేసింది. బెల్లు మోగింది.

వచ్చినాయన పేరు మాగిస్టర్ పిఖ్లర్. అది చదువుతో వచ్చిన బిరుదు. ఆ ఊళ్ళో పేరు మరిచిపోయినా క్షమిస్తారు గాని బిరుదు మరిచిపోతే క్షమించరు. మాగిస్టరు అంటే మేజిస్ట్రేటు కాదు. కానీ చంకలో రిజిస్టరుతో ఒప్పందం రద్దు చేయగల మనిషి గుమ్మంలో నిలబడ్డాక ఆ తేడా ఎవరికి కనిపిస్తుంది? నలభై అయిదేళ్ళ మనిషి. బట్టతల మీద చెమట, నోట్లో మాటకి బదులు గాలి.

"నమస్కారం, మాగిస్టర్ గారూ. రండి. ఆ చెప్పులు వేసుకోండి."

ఆయన బూట్లు విప్పి, అతిథుల చెప్పుల బుట్టలోకి చూశాడు. అందులో ఆరు జతలున్నాయి. హెర్మీనె గుండె ఒక పట్టా తప్పింది. ఒంటరి ముసలమ్మ ఇంట్లో ఆరు జతల చెప్పులు. ఆయన ఏమీ అనకుండా గోధుమరంగు జత ఎంచుకున్నాడు. రిజిస్టరు మాత్రం తెరిచాడు.

"ఈవిడేనా?"

"ఈవిడే. మా అక్క కూతురు నివెస్."

"గ్రాట్స్" అంది నివెస్, ఎవరూ అడక్కముందే.

పిఖ్లర్ ఆమెని కిందనుంచి పైదాకా చూశాడు. గుర్తింపు కార్డు అడగలేదు. అడిగే అధికారం ఆయనకి లేదని హెర్మీనె పేపర్లో చదివి ఉంది. అడిగేస్తాడేమోనని భయపడుతూనే ఉంది. ఆయన గదులు చూశాడు. వెనక గదిలో మంచం, కుర్చీ, హెర్మీనె పెళ్ళి ఫొటో. ఆ ఫొటోని గంట కిందటే అక్కడ తగిలించారు. మేకు కింద సున్నం పొడి ఇంకా నేల మీద ఉంది. ఆయన చూపు ఆ పొడి మీద పడింది. అక్కడే ఆగింది. మళ్ళీ కదిలింది.

హాల్లోకి తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"నవ్రాతిల్ గారూ, తనిఖీకి వచ్చినప్పుడు ఇంటి సంగతులు కూడా రాసుకోవాలి. ఏమన్నా లోపాలున్నాయా? తేమ, కుళాయి, హీటరు?"

"అబ్బే, ఏమీ లేవండీ" అంది హెర్మీనె.

పిఖ్లర్ పెన్ను ఆగింది. "ఏమీ లేవా?"

"అన్నీ చక్కగా ఉన్నాయి. హీటరు బాగా పని చేస్తుంది. ఇళ్ళ ఆఫీసువాళ్ళు ఎంతో బాగా చూసుకుంటున్నారు."

ఆ మాట ఆమె నోటి నుంచి వెళ్ళి బల్ల మీద పడింది, ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు. భయం మనిషిని ఎంత మార్చేస్తుందో చూడండి. ఇరవై ఆరేళ్ళు కంట్రోల్ రూమ్‌తో పోట్లాడిన ఆడది, పొద్దున్నే రొట్టె కరకరలాడకపోతే బేకరీ దాకా వెనక్కి నడిచి వెళ్ళి చెప్పొచ్చే ఆడది, ఈ ఇల్లు పోతుందన్న వణుకులో పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చేయని పని చేసింది. మెచ్చుకుంది. ఎదుట ఉన్నది వియన్నాలోనే పుట్టిన మనిషి. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో ఆయన రెండు వేల ఇళ్ళు చూశాడు. లోపం లేని ఇల్లు చూడలేదు. లోపం లేదన్న మనిషిని అసలే చూడలేదు. ఫిర్యాదే ప్రియమైన ఆ ఊళ్ళో 'ఏమీ లేవండీ' అనేవాళ్ళు రెండే రకాలు. చచ్చినవాళ్ళు, ఏదో దాస్తున్నవాళ్ళు.

"లిఫ్టు కూడానా?" అన్నాడు నెమ్మదిగా.

"మెట్లెక్కితే ఆరోగ్యం కదండీ."

పిఖ్లర్ రిజిస్టరు మూసి లేచాడు. హెర్మీనెకి తన తప్పు అప్పుడు తెలిసింది. తెలిసినా ఇప్పుడు చేయగలిగింది లేదు. ట్రాముకి బ్రేకు వేశాక కూడా కొంత దూరం జారుతుంది. ఆ జారే దూరంలో డ్రైవరు చూస్తూ కూర్చోవలసిందే.

"ఈ మెట్లదారిలో అందరూ కిటికీల గురించే రాస్తారు. గాలి కొడుతోందని, రెక్క పట్టడం లేదని. మీకు అదీ లేదా?"

"లేదండీ. కిటికీలు చాలా బాగున్నాయి."

"అయితే ఒకసారి చూడాల్సిందే" అన్నాడు పిఖ్లర్. "బాగున్న కిటికీ నేను ఇంకా చూడలేదు."

ఆయన కిటికీ దగ్గరికి నడిచాడు. హెర్మీనె చెయ్యి దానంతటదే లేని బ్రేకు హ్యాండిలు కోసం గాలిలోకి వెళ్ళింది. దిండు అంచు కింద నీలం అట్ట మూల వేలెడంత బయటికి కనిపిస్తోంది. ఆయనకి ఇంకా కనిపించలేదు. గొళ్ళెం మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోకండి."

ఆ గొంతు నివెస్‌ది. అవును, కాదు, గ్రాట్స్. మూడింటిలో ఏదీ కాదు.

"ముట్టుకుంటే ఆ రెక్క ఊడి మీ చేతిలోకి వస్తుంది. తర్వాత మీరే పట్టుకుని నిలబడాలి. మా పిన్ని మూడుసార్లు రాసింది. మూడుసార్లు. ఒకసారి మనిషి వచ్చాడు, చూశాడు, తల ఊపాడు, కాఫీ తాగాడు, వెళ్ళాడు. ఆ కప్పు కూడా మేమే కడుక్కున్నాం."

పిఖ్లర్ చెయ్యి గొళ్ళెం మీదే ఉంది. కానీ బిగువు పోయింది.

"నవ్రాతిల్ గారు ఇప్పుడే బాగున్నాయన్నారు."

"అనక ఏం చేస్తుంది? పాపం విసిగిపోయింది. నలభై ఏళ్ళు చెప్పి చెప్పి నోరు అరిగిపోయింది. ఇంక చెప్పి లాభం లేదని వదిలేసింది. నేను వచ్చి వారమైంది, మెడ పట్టేసింది ఈ గాలికి. రాత్రి టోపీ పెట్టుకుని పడుకుంటున్నాను. లిఫ్టు సంగతి సరేసరి. ఆరోగ్యమట. మోకాళ్ళు ఎవరివి, లిఫ్టు ఎవరిది? కింద ఆ వెలుగు లేని లైటు, అది దీపమా, దీపం ఫొటోనా? మీరిప్పుడు ఆ రెక్క తీస్తారు, అది ఊడుతుంది, 'తనిఖీలో విరిగినది' అని మీరే రాసుకుంటారు, మాకు అట్టముక్క అడ్డం పెట్టుకోమని చెప్తారు. తీయండి. తీసి చూడండి. నేనూ ఇక్కడే ఉంటాను, సాక్షిగా."

హెర్మీనె నివెస్ వైపు చూసింది. ఆ చేతులు కట్టుకోవడం, ఆ పెదవి ఒక పక్కకి లాగడం, ప్రతి వాక్యం చివర ఆ చిన్న నిట్టూర్పు. అవన్నీ ఎక్కడో చూసినట్టుంది. రోజూ పొద్దున అద్దంలో చూసినట్టుంది. వారం రోజులు ఈ మనిషి కాఫీ హోటల్లో కూర్చుని కాఫీ తాగిందనుకుంది తను. తాగుతూ కాపీ కొట్టింది. వెయిటర్ని, ట్రాము స్టాపులో ముసలివాళ్ళని, లాండ్రీ బోర్డుని, అన్నిటికంటే ఎక్కువగా ఇంటావిడని.

ఏ ఉద్యోగైనా తన చేతిలో విరిగే వస్తువు జోలికి పోడు. పిఖ్లర్ చెయ్యి గొళ్ళెం మీంచి తీసి జేబులో పెట్టుకున్నాడు.

"కిటికీ, లోపం ఉంది" అని రాసుకున్నాడు. తర్వాత తలుపు తీసి, ఎదురు తలుపు తట్టాడు. "స్కోదిక్ గారూ, ఒకసారి వస్తారా?"

తట్టిన మరుక్షణమే తలుపు తెరుచుకుంది. అంత వేగంగా తెరవాలంటే అంతసేపూ తలుపుకి చెవి ఆనించి ఉండాలి. స్కోదిక్ గారు ఇంటి చెప్పులతో, చంకలో పొట్టికాళ్ళ కుక్కతో వచ్చారు. ఎనభై దాటిన ఒంటరి మనిషి.

"మీరు చూసింది ఈవిడనేనా?" అన్నాడు పిఖ్లర్.

"ఈవిడే. నవ్వింది. బోర్డు మీద పువ్వు గీసింది. ఇక్కడివాళ్ళెవరన్నా పువ్వు గీస్తారా, మాగిస్టర్ గారూ? టూరిస్టు. రాసుకోండి."

పువ్వు కాదనడానికి లేదు, ఆ చీటీ ఇంకా బోర్డు మీదే ఉంది.

"గీశాను" అంది నివెస్. "ధన్యవాదాలు అని రాశాను. ఎవరికి రాశాననుకున్నారు? మీకే. మీ వంతు అయ్యాక నేను మెషిన్ తెరిస్తే జల్లెడ నిండా ఈ కుక్క వెంట్రుకలు. ఇంకో కుక్కని తయారు చేయొచ్చు వాటితో. పిడికెడు తీశాను. అప్పుడు రాశాను, ఇంత శుభ్రంగా ఉంచుతున్న మీ అందరికీ ధన్యవాదాలు అని. మామూలుగా తిడితే మీకు అర్థం కాదని కాస్త మర్యాదగా తిట్టాను."

స్కోదిక్ గారి ముఖం కందిపోయింది. "మా వాల్డి బట్టలు విడిగా ఉతుకుతాను నేను."

"కుక్కకి బట్టలున్నాయా?"

"దుప్పటి. ఒక్క దుప్పటి. అది కూడా నెలకోసారి. నలభై ఏళ్ళలో నా జల్లెడ గురించి ఎవరూ మాట అనలేదు."

"అనలేదా?" ఈసారి హెర్మీనె. తన గొంతు తనకే దొరికింది. "తొంభై ఎనిమిదిలో నేను అన్నాను. రెండువేల ఏడులో మళ్ళీ అన్నాను. చీటీ పెడితే మీరు చింపేశారు."

"అది గాలికి పడిపోయింది."

"నేలమాళిగలో గాలా, స్కోదిక్ గారూ?"

స్కోదిక్ గారు సోదికి దిగారు. తొంభై ఎనిమిది నుంచి మొదలుపెట్టి, ఎర్న్‌స్ట్ తన సైకిలు ఎవరి గోడకి ఆనించేవాడో, ఎవరి ఆవాలు ఎవరి గుమ్మంలో ఒలికాయో, పదిన్నర వంతుకి పదీ నలభై దాకా ఎవరు గదిలో ఉండిపోయారో వరసపెట్టారు. హెర్మీనె దేనికీ ఊరుకోలేదు. మధ్యలో నివెస్ అందుకుంది. వాల్డి మొరిగింది. పైఅంతస్తు నుంచి ఎవరో 'మెట్ల మీద గోల ఏమిటి, ఇక్కడ మనుషులుంటారు' అని అరిచారు. ముగ్గురూ తలెత్తి 'మేమూ మనుషులమే' అని ఒకే గొంతుతో జవాబిచ్చారు.

పిఖ్లర్ గోడకి ఆనుకుని విన్నాడు. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో జల్లెడ కోసం ఇలా పోట్లాడిన టూరిస్టుని ఆయన చూడలేదు. కాసేపయ్యాక రిజిస్టరు తెరిచి, గుమ్మం పలక మీద ఆనించి రెండు వరసలు రాశాడు. స్కోదిక్ గారికి వినపడేలా చదివాడు. "ఫిర్యాదు పరిశీలించబడినది. ఇంట ఉన్నది బంధువు. లాండ్రీ జల్లెడ విషయమై ఇరుపక్షములను మందలించడమైనది."

"నన్నా? మందలింపా?" అన్నారు స్కోదిక్ గారు. కుక్కని తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. దడాలున కాదు, దర్జాగా. పదేళ్ళలో ఆయనతో ఎవరూ ఇంతసేపు మాట్లాడలేదు.

పిఖ్లర్ వెంటనే వెళ్ళలేదు. బూట్లు తొడుక్కుంటూ, గోధుమరంగు చెప్పుల్ని జాగ్రత్తగా బుట్టలో పెట్టాడు. మిగతా అయిదు జతల పక్కన. చూపు బుట్ట మీదే ఉంది.

"నవ్రాతిల్ గారూ. మీ అక్క కూతురు ఆదివారం వెళ్తుందన్నారు కదూ?"

"ఆదివారమే. పొద్దున రైలు."

"మంచిది. మీ అక్కగారికి ఒక్కతే కూతురనుకుంటాను."

మెట్ల కిటికీలోంచి వచ్చిన వెలుగు ఆయన బట్టతల మీద పడుతోంది.

"ఇంకో కూతురు వస్తే నేను మళ్ళీ ఈ మెట్లెక్కాలి. నాకు మోకాళ్ళు బాగాలేవు. ఈసారి రిజిస్టరు ఇలా మూయలేను. ఆ నీలం పుస్తకం చెమ్మకి తడిసిపోతుంది, లోపల పెట్టుకోండి."

ఆయన దిగిపోయాడు. ప్రతి అంతస్తులో ఒక్కసారి ఆగి లిఫ్టుని తిట్టుకుంటూ వెళ్ళాడు.

హెర్మీనె తలుపు మూసి, గొలుసు వేసి, వంటింట్లో కూర్చుంది. ఇల్లు మిగిలింది. గుర్రాలు పోయాయి. రెండు గుర్రాలు ముందు, ఆరుగురు బాజావాళ్ళు వెనక, మధ్యలో ఆగిన ట్రాము, అన్నీ ఆ గుమ్మం లోంచే దిగి వెళ్ళిపోయాయి. ఆ మధ్యాహ్నం కంప్యూటరు తెరిచి ప్రకటన తీసేసింది. నీలం పుస్తకాన్ని పొయ్యిలో పెట్టబోయి, మనసొప్పక దుప్పట్ల అడుగున దాచింది. దాచే ముందు నివెస్ పెన్ను అడిగింది.

"నేను రాయలేదు ఇంకా."

"రాయద్దు. సాక్ష్యం."

"ఒక్క ముక్క" అని రాసేసి అట్ట మూసింది. హెర్మీనె చదవలేదు.

ఆదివారం పొద్దున నివెస్ కోటు వేసుకుని గుమ్మంలో నిలబడింది. తన జత చెప్పులు విప్పి బుట్టలో పెట్టింది. హెర్మీనె నోట్లో రెండు రోజులుగా ఒక మాట ఉంది. దానికి వియన్నాలో వాడుక లేదు. ఆమె గొంతు సవరించుకుంది.

"ఆ సూట్‌కేసు చక్రాలు మెట్ల మీద ఈడ్చకు. ఆదివారం. ఎత్తుకుని దిగు. స్కోదిక్ గారు తలుపు వెనకే ఉంటారు."

"ఎత్తుకునే దిగుతాను. నీ దిండు మాత్రం మరీ పల్చన, పిన్నీ. తొమ్మిది రాత్రులు మెడ నొప్పి. వచ్చేసారికి మార్చి పెట్టు."

"వచ్చేసారి వచ్చినా డబ్బు తీసుకోను. తీసుకుంటే నేరం."

"తెలుసు. అక్క కూతుర్ని కదా."

నివెస్ దిగిపోయింది. నేలమాళిగ తలుపు తెరుచుకున్న చప్పుడు, తర్వాత మూసుకున్న చప్పుడు. హెర్మీనె కిటికీ లోపలి రెక్క తెరిచింది. రెక్క ఊడలేదు, కొంచెం కిర్రుమంది. కింద ప్రాంగణంలో ఆ మనిషి సూట్‌కేసు రెండు చేతులా ఎత్తుకుని గేటు దాటింది. రోడ్డు మీద ఒక్క బండీ లేదు. ఎర్ర దీపం ఉంది. ఆమె ఆగి నిలబడింది.

మంగళవారం తన వంతుకి హెర్మీనె లాండ్రీ గదికి దిగింది. పువ్వు చీటీ లేదు. దాని స్థానంలో నివెస్ చేతిరాతతో కొత్త చీటీ ఉంది. 'జల్లెడ.' అంతే. దాని కింద, వణికే చేతితో స్కోదిక్ గారు జవాబు రాశారు. 'తుడిచాను. ముందు మీ సంగతి చూసుకోండి.'

హెర్మీనె దాన్ని రెండుసార్లు చదివింది. మూలకి వదులైన పిన్నును బొటనవేలితో గట్టిగా నొక్కి, మెషిన్ తెరిచి జల్లెడ బయటికి లాగింది. వెంట్రుక ఒక్కటి లేదు. చుట్టూ చూసింది. గదిలో ఎవరూ లేరు. అప్పుడు నవ్వింది.